120 మంది పిల్లల ముందు మొదటి సరీసృపాల ప్రదర్శన: ఒప్పుకున్నాను గానీ, ఎలా చెయ్యాలి?

#1 వేడిదీపం
అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా సరీసృపాలు పెంచుతున్నాను. అన్నీ పెంపకంలో పుట్టినవే, కాగితాలన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఇంటికొచ్చిన చుట్టాలకి చూపించడమే తప్ప నలుగురి ముందు నిలబడింది లేదు. ఇప్పుడు ఒక బడివాళ్ళు పిలిచారు. 120 మంది పిల్లలు, 4 నుంచి 11 ఏళ్ళ లోపు వాళ్ళు. గంటన్నర సమయం ఇచ్చారు.

నా దగ్గర పాముల్లో రెండు బాల్ పైథాన్లు, ఒక కార్న్ స్నేక్, రెండున్నర మీటర్ల బోవా, బల్లుల్లో ఒక బియర్డెడ్ డ్రాగన్, ఒక లెపర్డ్ గెకో, ఒక బ్లూ టంగ్ స్కింక్ ఉన్నాయి. బడివాళ్ళ కోరికలు రెండు. ఒకటి, ప్రతి పిల్లా పిల్లాడూ ఏదో ఒకదాన్ని ముట్టుకోవాలి. రెండు, చివర్లో బోవాని మెడలో వేసుకుని తలా ఒక ఫొటో దిగాలి. ఉత్సాహంలో సరే అనేశాను. ఇంటికొచ్చాక కడుపులో గుబులు మొదలైంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

#2 ఉడుంపట్టు
ముందు లెక్క వేద్దాం తమ్ముడూ. తలకి 15 సెకన్లు అనుకున్నా 120 మందికి అరగంట. భయపడి ఆగిపోయేవాళ్ళనీ, రెండోసారి వరసలో దూరేవాళ్ళనీ కలిపితే ముప్పావుగంట. ఒక్క పాము మీద అన్ని చేతులు పడాలా? నేను ఏ జంతువునీ పది నిమిషాలకి మించి బయట ఉంచను. ఆ పదిలో తాకించేది సగమే. దాని తర్వాత ఆ రోజుకి దాని పని అయిపోయినట్టే. మధ్యాహ్నం రెండో ఆట ఉందని మళ్ళీ తియ్యను.

ఇక మెడలో బోవా. వద్దు. "మా బోవా చాలా సాధువు" అని మొదలుపెట్టకు, అందరి బోవాలూ సాధువులే. పాము ఎవరినో మింగుతుందని కాదు నా భయం. జారిపోతున్నట్టు అనిపిస్తే అది పట్టు బిగిస్తుంది, అది దాని ఒంటి తీరు. ఆ పట్టు కొమ్మ మీద పడితే ఫరవాలేదు, ఏడేళ్ళ పిల్ల మెడ మీద పడితే? పిల్ల అరుస్తుంది, పక్కనున్న టీచర్ గుంజుతుంది, గుంజేకొద్దీ అది ఇంకా బిగిస్తుంది. 2 మీటర్లు దాటిన పాముని నేను ఇంట్లో కూడా ఒంటరిగా బయటికి తియ్యను. పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. చుట్టుకుంటే తోక వైపు నుంచి విప్పుకుంటూ రావాలని ఆ మనిషికి తెలిసి ఉండాలి. తల వైపు నుంచి విప్పబోయేవాళ్ళని చాలామందిని చూశాను.

#3 తాబేలునడక
ఉడుంపట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి కలుపుతాను: ఒక మనిషి చేతిలో ఒక జంతువే. కుడిచేతిలో పాము, ఎడమచేతిలో డ్రాగన్, మెడ కింద మైకు... ఇలాంటి వీరుల వీడియోలు చూసి మోసపోకండి.

#4 పశువుల_డాక్టరు
వృత్తిరీత్యా పశువైద్యుణ్ణి, నా దగ్గరికి సరీసృపాలు కూడా వస్తుంటాయి. కాటు గురించి అందరూ అడుగుతారు. నేను మాత్రం కాటు కన్నా విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకే ఎక్కువ భయపడతాను.

పామూ బల్లీ తాబేలూ ఏ జబ్బూ లేకుండా, నిగనిగలాడుతూ, పేగుల్లో ఈ బ్యాక్టీరియాని మోస్తుండవచ్చు. అది రోజూ బయటికి రాదు, అప్పుడప్పుడూ మలంలో వస్తుంది. అందుకే "పరీక్ష చేయించాను, లేదని వచ్చింది" అన్న మాటకి పెద్ద విలువ లేదు. ఆ రోజు పడలేదని మాత్రమే దానర్థం. మలంలోంచి పొలుసుల మీదికి, పెట్టెకి, బల్లకి, మీ చొక్కాకి అంటుతుంది. అక్కణ్ణుంచి పిల్లల చేతికి, చేతి నుంచి నోటికి.

ఐదేళ్ళ లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు సరీసృపాలని తాకకూడదని ఆరోగ్య సంస్థలు చెబుతాయి. మీ గుంపులో నాలుగేళ్ళ వాళ్ళున్నారు. వాళ్ళు దూరం నుంచి చూడాల్సిందే. దీన్ని ప్రదర్శన రోజు మైకులో చెబితే ఏడుపులు మొదలవుతాయి. ముందే టీచర్లతో మాట్లాడి చిన్న తరగతిని వేరే వరసలో కూర్చోబెట్టించండి.

చేతులకి సబ్బూ నీళ్ళే మొదటి మాట, 20 సెకన్లు రుద్దాలి. నీళ్ళే దొరకని చోట శానిటైజర్. మురికి అంటిన చేతుల మీద అది సరిగా పనిచెయ్యదు. ఆ గదిలో తినడం, తాగడం, బొటనవేలు చీకడం ఏదీ ఉండకూడదు. పాముని ముద్దు పెట్టుకుని చూపించే అలవాటుంటే ఇవాళే మానెయ్యండి. మీరు చేసిందే పిల్లలూ చేస్తారు.

#5 చెట్టుకింద
ఇన్ని తంటాలు ఎందుకండీ? అసలు తాకించకండి. పెట్టెలో పెట్టి చూపించండి, కథ చెప్పండి, ఇంటికి పంపండి. జంతువుకి సుఖం, పిల్లలకి క్షేమం.

#6 పశువుల_డాక్టరు
చెట్టుకింద గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి ఒక సంఘటన చెబుతాను. 1996లో అమెరికాలోని డెన్వర్ జూలో కొమొడో డ్రాగన్ అనే భారీ బల్లిని చూపించారు. చూడ్డానికొచ్చిన 60 మందికి పైగా సాల్మొనెల్లా బారిన పడ్డారు, ఎక్కువమంది పిల్లలే. వాళ్ళు డ్రాగన్‌ని తాకలేదు. దాని చుట్టూ కట్టిన చెక్క కంచె మీద చేతులు వేసి, దాని మీదికి వంగి చూశారు, అంతే. ఆ డ్రాగన్ కాళ్ళకి అంటినది కంచె మీదికి చేరింది. చూసొచ్చాక చేతులు కడుక్కున్నవాళ్ళు చాలావరకు తప్పించుకున్నారు.

అంటే తాకనిచ్చినా తాకనివ్వకపోయినా చేతులు కడిగించక తప్పదు. మీరు చెప్పిన పద్ధతిలో "మనం దేన్నీ ముట్టుకోలేదుగా" అని కుళాయి దగ్గరికి ఒక్కరూ పోరు. నా భయమంతా అక్కడే.

#7 మూడోక్లాసు_టీచర్
బడి వైపు నుంచి నేను చెబుతాను, ఇలాంటివి మా దగ్గర మూడుసార్లు జరిగాయి.

"పిల్లలందరూ చేతులు కడుక్కోండి" అనడం తేలిక. కుళాయిలు నాలుగే ఉన్నాయనుకోండి. తలకి అరనిమిషం చొప్పున 120 మందికి పావుగంట, అదీ తోపులాట లేకుండా. ఆ పావుగంట కార్యక్రమం పట్టికలో ఎవరూ వెయ్యరు. బెల్ కొడతారు, పిల్లలు తిండి డబ్బాల దగ్గరికి పరుగెత్తుతారు, అంతే సంగతులు. కాబట్టి వేడిదీపం గారూ, తిండి సమయానికి ముందు గంట అస్సలు తీసుకోకండి. గంటన్నర ఇస్తే గంటలో ముగించి, చివరి అరగంట కుళాయిలకి వదిలెయ్యండి. ఒక టీచర్ కుళాయి దగ్గరే నిలబడాలి.

ఇంకో విషయం. ప్రతి తరగతిలో పాములంటే గడగడలాడే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. "ఏం కాదు, ముట్టుకో, ధైర్యం వస్తుంది" అని చెయ్యి పట్టుకుని లాగే పెద్దవాళ్ళని మీరే ఆపాలి. అలా లాగితే రెండు నెలల పాటు ఒక పిల్ల ప్రదర్శన జరిగిన గదిలోకే రాలేదు, నేను చూశాను. వెనక వరసలో, తలుపు దగ్గర, లేచి వెళ్ళిపోవడానికి వీలుగా కూర్చోనివ్వండి. చాలామంది వాళ్ళంతట వాళ్ళే నాలుగడుగులు ముందుకొస్తారు. రాకపోయినా ఫరవాలేదు. పెట్టెలోంచి పాముని చటుక్కున తీసి కేకలు పెట్టించే "సర్‌ప్రైజ్" మాత్రం దయచేసి వద్దు. ముందు బొమ్మ చూపించండి, తర్వాత మూసి ఉన్న పెట్టె, తర్వాత పాము.

#8 కోరలరాజు
మీరంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు. జనానికి కావాల్సింది థ్రిల్. నేను ప్రదర్శనల్లో త్రాచుపాముని వట్టి చేత్తో పట్టి తిప్పుతాను. కోరలు పీకించేశాను, ఏ ప్రమాదం లేదు. కార్న్ స్నేక్ చూపిస్తే ఎవడు చప్పట్లు కొడతాడు?

#9 ఉడుంపట్టు
రాజు గారూ, పాముకి విషకోరలు జీవితాంతం ఊడుతూ మళ్ళీ వస్తూనే ఉంటాయి. పాతది ఊడేలోగా పక్కన కొత్తది సిద్ధంగా ఉంటుంది. విషగ్రంథి ఎక్కడికీ పోలేదు. మీ పాముకి ఇవాళ కోర ఉందో లేదో మీకు తెలీదు, ఎదురుగా కూర్చున్న పిల్లలకి అసలే తెలీదు. నోట్లో పుండుతో తిండి తినలేక అది ఎన్నాళ్ళు బతుకుతుందో అది ఇంకో కథ.

విషమున్న పాముని చూపించాలనుకుంటే తాళం వేసిన అద్దాల పెట్టెలో, దాని పేరు రాసి, జనానికి దూరంగా తాడు కట్టి చూపించాలి. ఆ పాముకి పనికొచ్చే విరుగుడు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని ఉండాలి. విరుగుడు దొరకని జాతి అయితే అసలు ఇంటి గడప దాటించకూడదు. తాకించే ప్రదర్శనలో విషప్పాముకి చోటే లేదు.

#10 మోడరేటర్
కోరలు పీకడం, నోరు కుట్టడం, నోటికి టేపు అంటించడం లాంటి వాటిని ఈ వేదికలో పద్ధతులుగా చెప్పనివ్వం. #8ని తొలగించడం లేదు, దాని కింద ఉన్న జవాబు నలుగురికీ పనికొస్తుంది కాబట్టి. ఆ దారిలో ఇంకో పోస్టు వస్తే తీసేస్తాం. చర్చ కొనసాగించండి.

#11 వేడిదీపం
అందరికీ ధన్యవాదాలు. బోవా రాదని బడివాళ్ళకి చెప్పేశాను. ముఖం మాడ్చుకున్నారు. నాలుగేళ్ళ వాళ్ళ సంగతి కూడా మాట్లాడాను. ఇప్పుడు ప్రశ్న: మిగిలిన వాటిలో ఏవి తీసుకెళ్ళాలి? ఎలా తీసుకెళ్ళాలి?

#12 తాబేలునడక
ఏవి అన్నది ముందు రోజు రాత్రి కాదు, ఆ రోజు పొద్దున నిర్ణయించండి. కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతున్నట్టు. అప్పుడు దానికి సరిగా కనపడదు, చిరాగ్గా ఉంటుంది, ఇంట్లోనే ఉంచండి. తిండి పెట్టి 48 గంటలు కాని పాముని కదిలించకండి, తిన్నది కక్కేస్తుంది, అదీ పిల్లల ముందు. గుడ్లతో ఉన్నది, మైట్లు (ఒంటి మీద నెత్తురు పీల్చే చిన్న పురుగులు) పట్టినది, కొత్తగా కొన్నది వద్దు. కొత్తవాటిని నేనైతే మూడు నెలలు విడిగా ఉంచుతాను.

మీ పట్టికలో నాకు అనుమానం ఉన్నది గెకో ఒక్కటే. చురుకైనది, పిల్లాడు తోక పట్టుకుంటే వదిలేసి పోతుంది. ఆ తెగిన తోక నేల మీద కాసేపు గిలగిల కొట్టుకుంటుంటే చూసిన పిల్లలు మరి మిమ్మల్ని ఎప్పటికీ మర్చిపోరు. తోక మళ్ళీ వస్తుంది గానీ పాత అందం రాదు. తీసుకెళ్తే పారదర్శకమైన డబ్బాలోనే చూపించండి. స్కింక్ బంగారం లాంటిది, దాన్ని మొదట బయటికి తియ్యండి.

ప్రయాణం: పాముని గుడ్డసంచిలో వేసి మూతి ముడి వెయ్యాలి. సంచిని గాలి రంధ్రాలున్న గట్టి పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. పెట్టె మీద జాతి పేరు, విషం లేదన్న మాట, మీ ఫోన్ నంబరు రాయాలి. దారిలో ఏదైనా ప్రమాదం జరిగితే సాయానికొచ్చినవాళ్ళకి అది తెలియాలి. పెట్టెలో థర్మామీటరు పెట్టండి. 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. మనకి చెమట పడుతుంది, వాటికి పట్టదు, చల్లబడే దారి లేదు.

#13 గుటుకూబల్లి
లెక్క! బయల్దేరేటప్పుడు లెక్క, చేరాక లెక్క, తిరిగి బయల్దేరే ముందు లెక్క. మా కార్న్ స్నేక్ ఒకసారి స్పీకరు పెట్టె వెనక రంధ్రంలోంచి లోపలికి దూరింది. నేను అందరితో కబుర్లు చెబుతూ ఖాళీ సంచిని మడిచి కారెక్కేశాను. ఇంటికొచ్చాక గుండె జారిపోయింది. రెండు రోజులకి స్పీకరు విప్పితే వెచ్చగా చుట్ట చుట్టుకుని ఉంది మహారాణి. ఆ రెండు రోజులు ఆ హాలు మూయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఒకటి బయట ఉంటే మిగతా పెట్టెలన్నిటికీ తాళమే. గది తలుపు దగ్గర ఒక మనిషి, తలుపు కింద సందుకి చుట్టిన తువ్వాలు.

#14 చెట్టుకింద
స్పీకరంటే గుర్తొచ్చింది. పాముకి బయటి చెవులు లేవని మైకు పెద్దగా పెట్టేస్తారు. దవడ ఎముకల ద్వారా నేలలోని అదురు దానికి బాగా తెలుస్తుంది. దాని పెట్టె పెట్టిన బల్లని స్పీకరుకి దూరంగా జరపండి. (నేను ఇంకా తాకించకూడదనే అంటున్నాను. మనసు మార్చుకున్నానని అనుకోకండి.)

#15 ఉడుంపట్టు
తాకించే తీరు గురించి ఎవరూ చెప్పలేదు. పిల్లలు నీ దగ్గరికి రాకూడదు, నువ్వే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. నేల మీద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టు, మధ్యలో నడవడానికి జాగా వదులు. తల నీ వైపు, నీ చేతి వెనక. పిల్లలకి దొరికేది ఒంటి వెనక సగం. రెండు వేళ్ళతో, తల నుంచి తోక వైపు, పొలుసుల వాలునే. ముందు వాళ్ళ మోచెయ్యి మీద వాళ్ళచేతే ప్రాక్టీసు చేయించు, నవ్వుతారు, నేర్చుకుంటారు కూడా. చేతులు ముందు కూడా కడిగించు. ఇంట్లో చిట్టెలుకని పెంచే పిల్లాడి వేళ్ళకి ఆ వాసన ఉంటే పాముకి అది భోజనమే.

కాటు పడిందే అనుకుందాం. గుంజకూడదు. పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, గుంజితే చర్మం చీలుతుంది, పాము పళ్ళూ విరుగుతాయి. చాలావరకు అదే వదిలేస్తుంది. వదలకపోతే దాని మూతి మీద చల్లటి నీళ్ళు పొయ్యి. తర్వాత సబ్బుతో కడిగి, డాక్టరుకి చూపించి, టెటనస్ సంగతి అడగాలి. దాచిపెట్టకు. చిన్న గాటైనా బడివాళ్ళకి, తల్లిదండ్రులకి ఆ రోజే చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆపడం నేర్చుకో. మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగినా, బుసకొట్టినా, తోక అదిలించినా, బాల్ పైథాన్ తలని లోపల దాచి ఉండచుట్టినా ఆట అయిపోయినట్టే. ఇంకా నలభై మంది మిగిలారు కదా అని చూడకు. నోట్లో నాలుకున్నా నోరు లేని జీవం అది, చాలు అని చెప్పే తీరు అంతే.

#16 మూడోక్లాసు_టీచర్
చివర్లో "మాకూ ఒకటి కావాలి" అని పిల్లలు అడుగుతారు. దానికి జవాబు సిద్ధం చేసుకోండి. మా దగ్గర ప్రదర్శన అయిన వారంలో ముగ్గురు తల్లిదండ్రులు బుల్లి తాబేళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని 4 అంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా 1975లోనే ఆపేసిందని వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది.

#17 తాబేలునడక
ఇవి ఎన్నేళ్ళు బతుకుతాయో చెప్పండి, ఉత్సాహం దానంతటదే తగ్గుతుంది. 2020లో సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్ళు దాటిందనుకుంటున్న ఒక బాల్ పైథాన్ గుడ్లు పెట్టింది, అదీ ఏళ్ళ తరబడి మగపాము పక్కన లేకుండా. "నువ్వు తాతయ్యవయ్యే దాకా దీని పెట్టె కడుగుతావా?" అని అడగండి. చట్టం కూడా ఒక్క ముక్క చెప్పండి: ఏ జాతిని పెంచొచ్చో, ఏది నేరమో దేశానికో తీరు, అడవిలోంచి పట్టుకొచ్చింది ఎక్కడా మంచిది కాదు.

#18 వేడిదీపం
అయిపోయింది! నిన్ననే. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున చూస్తే ఒక బాల్ పైథాన్ కళ్ళు నీలంగా ఉన్నాయి. దాన్ని వదిలేశాను. గెకో డబ్బాలోనే వచ్చింది. రెండో బాల్ పైథాన్, కార్న్ స్నేక్, స్కింక్, డ్రాగన్ వచ్చాయి. పక్కన నా చెల్లెలు, తాళాలూ లెక్కా ఆమె పని.

తాకించింది కార్న్ స్నేక్‌నీ స్కింక్‌నీ మాత్రమే, పెద్ద తరగతుల వాళ్ళతో. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి. చిన్నవాళ్ళ కోసం పాత కుబుసం ఒకటి తీసుకెళ్ళాను. నిజం చెప్పాలంటే పాముల కన్నా దానికే ఎక్కువ గిరాకీ. కనురెప్పలు లేని పాముకి కంటి మీద కూడా పొలుసు ఉంటుందని, అది కూడా కుబుసంతో ఊడుతుందని చూపిస్తే నోళ్ళు వెళ్ళబెట్టారు.

తప్పు ఒకటి జరిగింది. డ్రాగన్‌ని చూపిస్తుంటే ఎవరో మైకుని స్పీకరు దగ్గరికి లాగారు, కీచుమని శబ్దం. దాని గడ్డం నల్లబడింది, నోరు తెరిచింది. బయటికి తీసి నాలుగు నిమిషాలే. ఒక్క క్షణం ఆలోచించాను, సగం కథలో ఉన్నాను కదా అని. ఉడుంపట్టు అన్న మాట గుర్తొచ్చి పెట్టెలో పెట్టేశాను. "దానికి భయమేసింది, గడ్డం చూశారా" అన్నాను. ఆ తర్వాత తమాషా. కార్న్ స్నేక్‌తో వరస మధ్యలో ఉండగా ఒక అబ్బాయి "సార్, దానికి చాలేమో, తోక అదురుతోంది" అన్నాడు. నేను గమనించలేదు. నిజంగానే అదురుతోంది. ఇంకా పదిహేను మంది ఉన్నారు. వాళ్ళకి స్కింక్‌ని చూపించి సరిపెట్టాను. ఇద్దరు అలిగారు.

#19 పశువుల_డాక్టరు
బాగా చేశారు. ఒక్క ప్రశ్న: ఆ కుబుసాన్ని చిన్నవాళ్ళు చేత్తో పట్టుకున్నారా?

#20 వేడిదీపం
...పట్టుకున్నారు. అందరూ.

#21 పశువుల_డాక్టరు
అది కూడా ఆ పాము ఒంటిదే కదండీ. చేతులు కడిగించి ఉంటే కంగారు పడకండి. కానీ టీచర్లకి ఒక మాట చెప్పండి. విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి ఎవరికైనా వస్తే సాధారణంగా 6 గంటల నుంచి 6 రోజుల్లోపు కనిపిస్తాయి. అలా వస్తే సరీసృపాల ప్రదర్శన చూశామని డాక్టరుకి చెప్పమనండి. ఇకపై కుబుసాన్ని లామినేట్ చేయించండి, లేదా మూసేసిన ప్లాస్టిక్ సంచిలో తిప్పండి.

#22 వేడిదీపం
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. టీచర్ గారు కుళాయి దగ్గర తానే నిలబడ్డానని, ఒక్కరు కూడా తప్పించుకోలేదని అన్నారు. ఇవాళ సాయంత్రమే లామినేషన్ చేయిస్తాను.

#23 చెట్టుకింద
చూశారా, తాకించకపోతే... సరే, వద్దులెండి. ఆ తోక అదురు పట్టుకున్న అబ్బాయికి నా నమస్కారాలు.

#24 ఉడుంపట్టు
బోవా ఏం చేస్తోంది?

#25 వేడిదీపం
నిన్న రాత్రే ఎలుక తిన్నదన్నా. రెండు రోజులు పెట్టె వైపు పోను.